కరెంటు కొనేది ఎవరు, నష్టం మోసేది ఎవరు?

స్త్రీల హక్కుల గురించి మాట్లాడుకునేటప్పుడు ఆస్తి, వేతనం, హింస, ఆరోగ్యం మన చర్చలోకి వస్తాయి. కరెంటు కొనుగోలు ఒప్పందాలు రావు. అవి ఇంజనీర్లకూ అకౌంటెంట్లకూ సంబంధించిన విషయాలని మనమూ వదిలేస్తూ వచ్చాం. కానీ ఆ ఒప్పందాల్లో జరిగిన పొరపాటు చివరికి ఏ ఇంట్లో, ఎవరి పనిగంటల మీద పడుతుందో గమనిస్తే ఇది మనం వదిలేయదగ్గ విషయం కాదని తెలుస్తుంది.

ముఖ్యంగా ఇప్పుడు. ప్రైవేటు కంపెనీలకూ ప్రభుత్వ డిస్కంలకూ ప్రత్యామ్నాయంగా ప్రజలే సంఘంగా ఏర్పడి కరెంటు సమకూర్చుకోవాలన్న ఆలోచన ప్రపంచమంతటా బలపడుతోంది. సహకార సంఘాలు, పురపాలక సంస్థలు, సామూహిక విద్యుత్ సంస్థలు అలా వచ్చినవే. ఈ ఆలోచనను నేను సమర్థిస్తాను. అయితే సంఘం మనదైనంత మాత్రాన మార్కెట్టు మనదైపోదు. ఈ తేడాను పట్టించుకోని చోట సంఘాలు కూలిపోయాయి.

కరెంటుకు మిగతా సరుకులకు లేని లక్షణం ఒకటుంది. బియ్యంలాగా బస్తాల్లో నిల్వ చేయడం కుదరదు. బ్యాటరీలు వచ్చినా ఒక ఊరికి నెలకు సరిపడా కరెంటును దాచిపెట్టగల స్థితి ఇంకా లేదు. వాడే క్షణంలోనే తయారు కావాలి. అందుకే ఎండలు మండినప్పుడో చలి ముదిరినప్పుడో అందరూ ఒకేసారి కొనడానికి వస్తే ధర పదింతలు, వందింతలు కూడా అవుతుంది. మన దేశంలోనే 2022 మార్చిలో ఎక్స్ఛేంజిలో యూనిట్ ధర 20 రూపాయలకు చేరింది. ఆ ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 12 రూపాయలకు మించకూడదని పరిమితి పెట్టాల్సి వచ్చింది. సంఘం మాత్రం తన సభ్యుల దగ్గర ముందే ప్రకటించిన టారిఫ్ ప్రకారమే వసూలు చేయాలి. ఒక పక్క స్థిరమైన రాబడి, మరో పక్క ఊగిసలాడే ఖర్చు. ఈ రెంటి మధ్య వున్న అగాధమే రిస్కు.

అమెరికాలోని టెక్సాస్ అనుభవం చూడండి. 1941లో ఏర్పడిన బ్రాజోస్ ఎలక్ట్రిక్ అక్కడి పాత విద్యుత్ సహకార సంస్థల్లో ఒకటి. 16 స్థానిక సహకార సంఘాలకు టోకున కరెంటు అందించేది. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చినప్పుడు రాష్ట్రమంతటా విద్యుత్ కేంద్రాలు, గ్యాస్ సరఫరా గడ్డకట్టాయి. మామూలు రోజుల్లో యూనిట్ రెండు మూడు సెంట్లుండే మార్కెట్టు ధరను అక్కడి నియంత్రణ సంస్థ గరిష్ఠ స్థాయిలో, అంటే యూనిట్ 9 డాలర్ల దగ్గర, రోజుల తరబడి నిలిపి వుంచింది. అప్పటి లెక్కలో దాదాపు 650 రూపాయలు. తన కేంద్రాల నుంచి రాని కరెంటును బ్రాజోస్ ఆ ధరకు కొనాల్సి వచ్చింది. కొద్ది రోజులకు వచ్చిన బిల్లు 210 కోట్ల డాలర్లు. అంతకు ముందు ఏడాది మొత్తానికి అయిన ఖర్చుకు అది రెండింతలకు పైనే. మార్చి 1న సంస్థ దివాలా పిటిషన్ వేసింది. సహకార సంఘానికి వేరే యజమాని వుండడు. సభ్యులే యజమానులు. కాబట్టి ఆ అప్పు ఏళ్ళ తరబడి తీరవలసింది కూడా సభ్యుల నెలవారీ బిల్లుల్లోంచే. ఆ తుఫానులో అధికారిక లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. చలిలో వణికిన కుటుంబాలే ఆ కరెంటు ఖర్చునూ భరించాయి.

కాలిఫోర్నియా కథ ఇంకో రకం. అక్కడ 2002లో చేసిన చట్టం ప్రకారం నగరాలు కలిసి తమ ప్రజల కోసం కరెంటు కొనుగోలు చేయవచ్చు. తీగలు, స్తంభాలు పాత కంపెనీవే. కొనుగోలు మాత్రం సామూహిక సంస్థది. 2010లో మరిన్ కౌంటీలో మొదటిది పని మొదలుపెట్టింది. ఇవి చాలాచోట్ల బాగానే నడిచాయి. రివర్‌సైడ్ కౌంటీలో ఆరు నగరాలు కలిసి పెట్టుకున్న వెస్టర్న్ కమ్యూనిటీ ఎనర్జీ మాత్రం 2020 ఏప్రిల్‌లో సరఫరా మొదలుపెట్టి 2021 మేలో దివాలా తీసింది. మొదలుపెట్టిన నాలుగు నెలలకే ఆగస్టు వడగాడ్పులు వచ్చాయి, మార్కెట్టు ధర ఎగిరింది. మరో పక్క కోవిడ్ కాలంలో ఉపాధి పోయిన ఇళ్ళు బిల్లులు కట్టలేకపోయాయి. ఏళ్ళ తరబడి నిల్వనిధి కూడబెట్టుకున్న పాత సంస్థలు అదే వేసవిని, అదే కోవిడ్‌ను తట్టుకున్నాయి. కొత్త సంస్థకు ఆ వెసులుబాటు లేదు. వినియోగదారులను మళ్ళీ పాత కంపెనీకే అప్పగించారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కోవిడ్ సమయంలో బిల్లు కట్టని ఇళ్ళకు కరెంటు తీయకూడదని కాలిఫోర్నియా ప్రభుత్వం నిర్ణయించింది. అది సరైన నిర్ణయం. సంస్థ పడిపోవడానికి పేదల బకాయిలే కారణమని చెప్పడం అన్యాయం. ఆపద వస్తుందని ముందే లెక్కలోకి తీసుకుని దానికి నిధి కేటాయించకపోవడం అసలు లోపం. ప్రజలకు ఇచ్చిన రక్షణకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పని ప్రభుత్వానికీ అందులో భాగముంది.

మన దగ్గర ఈ అనుభవం లేదనుకోవడం పొరపాటు. 1969-70 ప్రాంతంలో గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలను ప్రయోగాత్మకంగా పెట్టినప్పుడు దేశంలోని మొదటి అయిదింటిలో మన సిరిసిల్ల ఒకటి. తర్వాత అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం సంఘాలు వచ్చాయి. ఇవి విద్యుత్ బోర్డు నుంచి, తర్వాత డిస్కంల నుంచి టోకున కొని సభ్యులకు చిల్లరగా అమ్మేవి. టోకు ధరను నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది కాబట్టి మార్కెట్టు దెబ్బ నేరుగా తగలదు. కానీ అదే మొదటి అయిదింటిలో ఒకటైన మహారాష్ట్రలోని మూలా-ప్రవర సంఘం ఏమైంది? అప్పటి అహ్మద్‌నగర్ జిల్లాలో నాలుగు దశాబ్దాలు పనిచేసిన ఆ సంఘం టోకు కరెంటుకు చెల్లించాల్సిన బకాయిలు కొండలా పేరుకుపోయాయి. 2011లో దాని సరఫరా అధికారం పోయి రాష్ట్ర పంపిణీ సంస్థ చేతికి వెళ్ళింది. వసూలు చేసే ధరకూ కొనే ధరకూ పొంతన లేకుండా ఏళ్ళు గడిస్తే తుఫాను అక్కర్లేదు. చెద చాలు.

ఇక ఈ నష్టం ఇంట్లోకి ఎలా చేరుతుందో చూద్దాం. బిల్లు పెరిగినప్పుడు తగ్గించుకునేది ఏమిటన్న నిర్ణయం స్త్రీల మీద పడుతుంది. మిక్సీ పక్కనపెట్టి రోలు ముందు కూర్చునేది ఆమె. మోటారు వేయకుండా కుళాయి దగ్గర బిందె పెట్టేది ఆమె. సిరిసిల్లలో మగవాళ్ళు మరమగ్గాల మీద పనిచేస్తుంటే వేలమంది స్త్రీలు ఇంట్లో బీడీలు చుడతారు. కరెంటు ఖరీదై మగ్గం ఆగితే ఆ ఇల్లు బీడీ కూలి మీద నడవాలి. రాత్రి దీపం కింద చుట్టే కట్టల సంఖ్య పెరగాలి. అర్థశాస్త్రం దీన్ని సర్దుబాటు అంటుంది. నిజానికిది సంస్థ ఖాతాలోంచి స్త్రీ శరీరానికి బదిలీ అయిన నష్టం. ఏ బ్యాలెన్స్ షీటులోనూ దీనికి పద్దు లేదు.

ఈ బదిలీకి చట్టబద్ధమైన దారులూ వున్నాయి. కొనుగోలు ఖర్చు పెరిగితే ఆ తేడాను ఆటోమేటిగ్గా బిల్లులో కలపడానికి వీలుగా కేంద్రం 2022 చివర్లో నిబంధనలు మార్చింది. ఎప్పుడో వాడిన కరెంటుకు ఇప్పుడు సర్దుబాటు చార్జీ కట్టడం మన రాష్ట్రాల్లో కొత్తేమీ కాదు. ఖర్చంతా అలా దాటించే వీలున్నప్పుడు జాగ్రత్తగా కొనాలన్న ఒత్తిడి సంస్థ మీద ఎందుకుంటుంది?

అయితే చేయవలసిందేమిటి? ఈ రంగంలో అనుభవం మీద రూపొందిన పద్ధతులు వున్నాయి. అవి అంత అర్థం కానివేమీ కావు. ఏడాదికి సరిపడా చింతపండు, మిరపకాయలు, కందిపప్పు పంట వచ్చే కాలంలో కొనిపెట్టుకునే స్త్రీకి వీటి సూత్రం తెలుసు. వచ్చే ఏళ్ళకు కావలసిన కరెంటులో పెద్ద భాగానికి ముందే ధర ఖాయం చేసుకోవడాన్ని హెడ్జింగ్ అంటారు. కొంచెం ఎక్కువ పడినా అది బీమా ప్రీమియం లాంటిది. మొత్తం ఒకేరోజు కొనకుండా విడతల వారీగా కొంటే ఏదో ఒక రోజు ధరకు సంఘం భవిష్యత్తు ముడిపడదు. ఒకే అమ్మకందారు మీద ఆధారపడకూడదు. అతను చేతులెత్తేస్తే మళ్ళీ మార్కెట్టుకే పరుగెత్తాలి. ధర పడిపోయినప్పుడు అదనపు పూచీకత్తు కట్టమని ఒప్పందంలో వుందేమో చూసుకోవాలి. రాబడి ఆగినా కొన్ని నెలలు బిల్లులు చెల్లించగల నిల్వనిధి లేకుండా సరఫరా మొదలుపెట్టకూడదు.

దీనికి వ్యతిరేక ప్రమాదమూ వుంది. భయంతో అవసరానికి మించి, పాతికేళ్ళకు, ఒకే ధరకు ఒప్పందం చేసుకుంటే వాడని కరెంటుకు కూడా స్థిర చార్జీలు కట్టాలి. డిస్కంలు చేసుకున్న దీర్ఘకాల ఒప్పందాల్లో మనం చూస్తున్నది ఇదే. కాబట్టి ఎంత భాగం ఖాయం చేయాలి, ఎంత వదలాలి అన్నది లెక్కవేసి, రాసి పెట్టుకుని, ఏటా తిరిగి చూడవలసిన విషయం.

అన్నిటికంటే ముఖ్యమైంది అధికార విభజన. పొదుపు సంఘంలో డబ్బు పెట్టె ఒకరి దగ్గర, తాళంచెవి మరొకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర వుండాలన్న నియమం మనకు తెలుసు. కరెంటు కొనుగోలులోనూ అంతే. ఒప్పందం కుదిర్చేవాళ్ళు, అది పరిమితులకు లోబడి వుందా అని తనిఖీ చేసేవాళ్ళు, డబ్బు చెల్లించేవాళ్ళు వేర్వేరుగా వుండాలి. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ నగరపాలక సంస్థ 2015లో పెట్టిన రాబిన్ హుడ్ ఎనర్జీ అయిదేళ్ళలో మూతపడి దాదాపు 3.8 కోట్ల పౌండ్ల ప్రజాధనం పోయింది. ఈ రంగం తెలియని బోర్డు, ప్రశ్నించని పాలకవర్గం అందుకు ముఖ్య కారణాలని ఆడిటర్లు 2020లో తేల్చారు. పేదలకు చవగ్గా ఇవ్వాలన్న మంచి ఉద్దేశంతో పెట్టిన సంస్థ అది. మంచి ఉద్దేశం లెక్కలకు ప్రత్యామ్నాయం కాలేదు.

ఇది నిపుణుల విషయం, స్త్రీలు బోర్డులో కూర్చుని ఏం చేస్తారు అని అడిగేవాళ్ళున్నారు. నిపుణుడు ధర అంచనా వేయగలడు. ఆ అంచనా తప్పితే నష్టం ఎవరు భరించాలన్నది నైపుణ్యానికి సంబంధించిన ప్రశ్న కాదు. అది రాజకీయ ప్రశ్న. నెలకు 50 యూనిట్లు వాడే ఇంటి మీదా, ఏసీలు నడిచే ఇంటి మీదా సర్దుబాటు చార్జీ ఒకేలా వేయాలా? నిల్వనిధి ముందు ఎవరిని కాపాడాలి? వీటికి జవాబు చెప్పే హక్కు ఆ నష్టాన్ని మోసేవాళ్ళకే వుంది.

ఇది ఎప్పుడో రాబోయే సంగతి కూడా కాదు. మహిళా సంఘాల ద్వారా 1000 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రాలు పెట్టించాలని తెలంగాణ ప్రభుత్వం 2024-25లో నిర్ణయించింది. స్త్రీలు అప్పు తీసుకుని కరెంటు అమ్మేవాళ్ళవుతారు. ఇది కొనుగోలు ఒప్పందానికి రెండో కొస. డిస్కం డబ్బు ఆలస్యం చేస్తే బ్యాంకు వాయిదా ఎవరు కడతారు? ఇన్వర్టర్ చెడిపోతే, గ్రిడ్డు తీసుకోనంటే నష్టం ఎవరిది? సంతకం పెట్టే ముందే ఈ వాక్యాలు తెలుగులో, సభ్యులందరికీ అర్థమయ్యేలా వుండాలి. సూక్ష్మరుణాల కాలంలో చదవకుండా పెట్టిన సంతకాలకు ఎంత మూల్యం చెల్లించామో మనకు తెలుసు.

అందుచేత మన సంస్థలు కొన్ని పనులు చేపట్టాలి. మన ప్రాంతంలో కరెంటు కొనే లేదా అమ్మే ఏ సంఘమైనా రాతపూర్వకమైన రిస్కు విధానం పెట్టుకుందా అని అడగాలి. మార్కెట్టు ధర అయిదు రోజులు పదింతలైతే ఏం జరుగుతుందో లెక్కవేశారా అని అడగాలి. పర్యవేక్షణ కమిటీలో స్త్రీలకు, అందులోనూ తక్కువ యూనిట్లు వాడే ఇళ్ళ స్త్రీలకు స్థానం కోరాలి. 2003 విద్యుత్ చట్టం ప్రకారం టారిఫ్ ప్రతిపాదనల మీద అభ్యంతరాలు చెప్పే హక్కు ప్రజలకు వుంది. విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణల్లో పరిశ్రమల ప్రతినిధులు, రైతు నాయకులు మాట్లాడతారు. గృహ వినియోగదారులుగా స్త్రీల గొంతు అక్కడ అరుదు.

2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపును వ్యతిరేకించిన ప్రజల మీద కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆ ఉద్యమంలో స్త్రీలు పెద్ద సంఖ్యలో రోడ్డెక్కారు. బిల్లు ఇంటికి వచ్చాక రోడ్డెక్కే హక్కు మనకు ఎప్పుడూ వుంటుంది. ఆ బిల్లును నిర్ణయించే ఒప్పందం రాస్తున్న రోజున ఆ గదిలో వుండే హక్కు కోసం కూడా ఇప్పుడు పోరాడాలి.