పెరటితోట: తెల్లయంచు బ్రగ్మాన్సియా

బాకాలవలె క్రిందికి వ్రేలాడు పెద్దపూలును, వెన్నవంటి తెల్లని యంచుగల యాకులును గల బ్రగ్మాన్సియా మొక్కనుగూర్చి వ్రాయవలసినదని కొందరు చదువరులు మమ్ము కోరియున్నారు. తెలిసినవారు కొమ్మ నిచ్చిరట. దానిని నాటి బ్రతికించుకొను విధమేమని వారి ప్రశ్న. ఆ విధమును చెప్పెదము. కాని కొమ్మతోపాటు ఇయ్యవలసిన మాట యొకటి కలదు. అది లేక యీ కొమ్మ ఒక యింటనుండి వేరొక యింటికి పోరాదని మా యభిప్రాయము.

ఈ మొక్కకు పుట్టినిల్లు దక్షిణ అమెరికా. అచటి ఆండీసు పర్వతములందును, బ్రెజిలు ఆగ్నేయభాగమునందును పుట్టిన జాతులేడు కలవు. 1753లో లినేయసు పండితుడు వీనిలో నొకదానిని ఉమ్మెత్తలలో చేర్చెను. 1805లో పెర్సూను అను పండితుడు వీనిని వేరుపరచి, బ్రుగ్మాన్సు అను డచ్చి ఆచార్యుని పేర పిలిచెను. ఉమ్మెత్తపూవు పైకి చూచును. దీని పూవు నేలను చూచును. ఉమ్మెత్తకాయకు ముండ్లు గలవు; దీని కాయ నునుపు. ఉమ్మెత్త చిన్న గుబురు. ఇది కొయ్యబారి చెట్టగును. విచారింపదగిన విషయ మొకటి కలదు: అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు ఈ యేడు జాతులను అడవులలో నశించినవానిగా లెక్కించిరి. నీలగిరులవంటి చల్లని చోట్ల బాటల ప్రక్కన కానవచ్చునవి తోటలనుండి వెడలినవే. మనుష్యులు కొమ్మ విరిచి నాటుచుండుటచేతనే ఈ వంశము నిలిచియున్నది.

తెల్లయంచు రకము సంగతి మరింత సున్నితము. చిగురుమొనలో కణముల పొరలు కలవు. అందొక పొరకు పత్రహరితము లేకపోవుటచేత ఆకంచు తెల్లబడును. విత్తనము పుట్టునది సామాన్యముగా ఒక్క పొరనుండియే గనుక, విత్తనపు మొక్క తల్లిని పోలదు: పచ్చని పొరనుండి పుట్టినది పూర్తిగా పచ్చనగును, తెల్లని పొరనుండి పుట్టినది అన్నము వండుకొనలేక కొలదిదినములలోనే చచ్చును. కావున ఈ రకమునకు కొమ్మ నాటుటయే గతి.

కొమ్మ నెన్నుకొనునపుడు పంగను చూడవలెను. బ్రగ్మాన్సియా మొదట ఒంటికాండముగా నిలువున పెరిగి, పిమ్మట రెండుగా పంగ చీలును. ఆ పంగకు పైననే పూయును. పంగపై కొమ్మను నాటినచో పొట్టిగా నున్నపుడే త్వరగా పూయును. క్రిందిదానిని నాటినచో ఎత్తుగా పెరిగి ఆలస్యముగా పూయును. తెలుపును పచ్చయు సమముగా నున్న ఆకులుగల కొమ్మనే తీయవలెను. అది మరీ లేతదిగాని మరీ ముదిరినదిగాని కాక, చిటికెనవ్రేలి లావున జానెడు పొడవుండవలెను. కణుపు క్రింద కోసి, పైనున్న రెండు మూడు ఆకులను మాత్రము ఉంచి, తక్కినవి తీసివేయవలెను. ఇసుకయు ఆకుమన్నును సగపాళ్ళు కలిపిన కుండీలో రెండు కణుపులు మునుగునట్లు నాటి నీడను ఉంచవలెను. మన్ను తడిగా నుండవలెనుగాని నీరు నిలువరాదు. నిలిచినచో కొమ్మ కుళ్ళును. పచ్చని రకము సుమారు మూడు వారములలో వేరూనును. తెల్లయంచుది మరికొంత ఆలసించును. తొందరపడి పెరికి చూడరాదు.

నాటుకొన్న పిమ్మట దీనికి దాహమును ఆకలియు మెండు. చివికిన పశువులయెరువు తరచుగా వేయవలెను. వేసవిలో రెండుపూటల నీరు పోయవలెను. మన కోస్తా జిల్లాల రోహిణీకార్తె యెండకు తెల్లని యంచు మాడిపోవును, మొగ్గలు రాలును. ఉదయపుటెండ తగిలి మధ్యాహ్నము నీడపడు చోటు మేలు. ఎర్రనల్లి పట్టకుండ ఆకుల అడుగున నీరు చిలుకరింపవలెను. పూర్తిగా పచ్చని రెమ్మ పుట్టినచో మొదలంట కోయవలెను. అది బలమైనది గనుక చారల రెమ్మలను అణచివేయును.

ఇక ఆ మాట. మన పెద్దలు ఉమ్మెత్తకు పెట్టిన పేరులోనే హెచ్చరిక యున్నది. ఉన్మత్తము, కితవము, ధూర్తము అని అమరకోశము దానిని పేర్కొన్నది; ఉమ్మెత్త యనునది ఉన్మత్తశబ్దమునుండి పుట్టినదే. దాని చుట్టమగు ఈ పరదేశపు మొక్కకు పాశ్చాత్యులు పెట్టిన పేరు దేవదూతల బాకా! పేరు విని బిడ్డ భయపడునా? పూవును బాకాగా నోట పెట్టుకొనును.

దీని ఆకు, పూవు, గింజ, వేరు సర్వమును విషమే. ఇందు అట్రొపిను, స్కోపొలమిను అను ద్రవ్యములు కలవు. కడుపులోనికి పోయినచో నోరెండును, ముఖమెర్రబడును, ఒడలు కాగును, గుండె వడిగా కొట్టుకొనును, కంటిపాపలు విప్పారును, మతి తప్పి పలవరింతలు కలుగును, ప్రాణమే పోవచ్చును. పసరంటిన చేతితో కన్ను నులుముకొన్నను కంటిపాప పెద్దదై చూపు మసకబారును. కావున తొడుగులు ధరించి కోయుడు. వంటింటి కత్తిపీట ముట్టింపకుడు. కోసిన రెమ్మలను పశువుల ముందు వేయకుడు. ఆకుకూర మళ్ళచెంత నాటకుడు. సువాసనకు మురిసి పూవును తలలో ముడువకుడు. నడక నేర్చు బిడ్డ లున్న యింట దీనిని నాటకుండుటే ఉత్తమము.

ఎవరైన తిన్నచో ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింప ప్రయత్నింపరాదు. నాటుమందులతో కాలము గడపరాదు. నోట మిగిలినది తీసివేసి, 108కి ఫోను చేసి, ఆకునో పూవునో సంచిలో వెంటగొని ఆసుపత్రికి పోవలెను. తిన్నదేదో తెలిసిన వైద్యునకు చికిత్స సులువగును.

అడవిలో దిక్కులేని మొక్క మన చేతులలో బ్రతుకుచున్నది. దానిని బ్రతికించుట మంచిదే. ఎదిగిన బిడ్డలున్న యింట పెంచుకొనుడు. పొరుగింటికి కొమ్మ నిచ్చు దినమున మాత్రము ముందుగా, “అమ్మా! ఇది ఉమ్మెత్త చుట్టము” అని చెప్పి, పిదపనే కొమ్మను చేతి కందింపుడు.