పాటతోపాటు భాషయు చేరినదా?

1963వ సంవత్సరము జూన్ నెలలో అమెరికా దేశమున ఒక జపాను పాట మూడు వారములపాటు జనాదరణలో ప్రథమస్థానమున నిలిచినది. పాడినవాడు క్యూ సకమొటో అను యువకుడు. రచన రొకుసుకె ఎయ్, సంగీతము హచిదాయ్ నకమురా. కన్నీటిని దాచుకొనుచు తల పైకెత్తి నడచిపోవు ఒక ఒంటరివాని దుఃఖము దానిలోని విషయము. కాని దాని జపాను పేరు పలుకుట తమవారికి కష్టమని తలచిన రికార్డు వ్యాపారులు 'సుకియాకి' అని క్రొత్త పేరు తగిలించిరి. సుకియాకి యనగా మాంసముతో చేయు ఒక వంటకము. పాటకును దానికిని ఏ సంబంధమును లేదు. మన జోలపాట నొకదానిని పరదేశీయులు తీసికొనిపోయి 'పులిహోర' అని పేరు పెట్టి పాడుకొన్నచో మనకెట్లుండును? పాశ్చాత్యులు ఆ పాటను ప్రేమించిరి. అందు సందేహము లేదు. అది ఏమి చెప్పుచున్నదో తెలిసికొనవలెనను కోరిక మాత్రము వారిలో ఎందరికి కలిగినది?

ఈ ప్రశ్ననే నేటి కొరియా పాటల విషయమునను వేయవలసియున్నది. 2012లో సై అను గాయకుని 'గాంగ్నమ్ స్టైల్' లోకమెల్ల ప్రాకినది. ఆ సంవత్సరము డిసెంబరులో యూట్యూబున నూరు కోట్ల వీక్షణములను అందుకొన్న మొదటి దృశ్యగీతము అదియే. సియోలు నగరమందలి గాంగ్నమ్ అను సంపన్నుల పేటను, అచటి ఆడంబరమును పరిహసించు పాట అది. పాశ్చాత్యులలో పెక్కురకు గుఱ్ఱపు నాట్యము తెలిసినది గాని ఆ పరిహాసము తెలియలేదు. నవ్వినారు, నర్తించినారు, మరచినారు. సుకియాకి నాటికంటె ముందడుగు పడినదని అప్పటికింకను చెప్పుటకు వీలులేకుండెను.

మార్పు తరువాత వచ్చినది. 2013లో రంగమునకు వచ్చిన బి.టి.ఎస్. అను ఏడుగురు యువకుల బృందము 2018లో అమెరికా ఆల్బముల పట్టికలో ప్రథమస్థానము పొందెను. 2020లో వీరి 'డైనమైట్' పాటల పట్టికలోను అగ్రస్థానమున నిలిచెను. ఐతే అది ఆంగ్లగీతము. వ్రాసినవారు ఇరువురు బ్రిటిషు రచయితలు. పాశ్చాత్యుల ఇంటిలో కాలుపెట్టుటకు వారి మాటయే మాటాడవలసి వచ్చినదని విమర్శకులు ఆక్షేపించుటకు అవకాశము కలిగినది. కొలది మాసములలోనే, చాలవరకు కొరియా భాషలోనే సాగు 'లైఫ్ గోస్ ఆన్' అదే స్థానము నందుకొని ఆ ఆక్షేపణకు కొంత సమాధానము చెప్పినది.

ఈ మార్పునకు కారణము వ్యాపారుల తెలివి మాత్రమే కాదు. అభిమానుల శ్రమయు కలదు. పాట వెలువడిన కొన్ని గంటలలోనే దానిని అనువదించి, పలుకుబడులను వివరించి, తోడి అభిమానులకు పంచిపెట్టువారు వేలకొలది యున్నారు. వారికి జీతము లేదు. 2016 నుండి 2021 వరకు అమెరికా కళాశాలలలో అన్యభాషల తరగతులలోని చేరికలు మొత్తముమీద నూటికి పదునారుకు పైగా తగ్గగా, కొరియా భాషలో నూటికి ముప్పదియెనిమిది పెరిగినవి. 2021లో ఆక్స్‌ఫర్డు నిఘంటువు కొరియా మూలముగల ఇరువదియారు పదములను ఒక్కసారిగా చేర్చుకొన్నది. సుకియాకి నాటి శ్రోతకు పాట చాలినది. నేటి అభిమానికి పాట వెనుకనున్న మాట కావలసివచ్చినది. ఉపాధ్యాయులకు ఇది ముఖ్యముగ గమనింపదగినది.

వీరిని పాశ్చాత్య విమర్శకులు కొందరు చులకనగా చూతురు. కొరియా గాయకులు కర్మాగారములలో తయారగు బొమ్మలని వారి వాదము. ఏండ్లతరబడి కఠినశిక్షణ యుండుట నిజమే. కాని 1959లో డెట్రాయిటు నగరమున మోటౌన్ సంస్థను స్థాపించిన బెర్రీ గోర్డీ, తాను పనిచేసిన కార్ల కర్మాగారపు పద్ధతినే ఆదర్శముగ గొంటినని స్వయముగ చెప్పినాడు. తన గాయనీగాయకులకు నడకను, కూర్చుండు తీరును సైతము నేర్పించినాడు. అచట కళయైనది ఇచట యంత్రమెట్లగును? ఈ మాటలో కళావిమర్శకంటె తూర్పువారి యెడల గల పాత తలంపే ఎక్కువగా వినబడుచున్నది.

ఐనను అభిమానులయందు దోషము లేదనలేము. తమ ఆరాధ్యుడు తమ సొత్తని భావించువారు కలరు. అతని చిరునవ్వునకు చెల్లిన మూల్యమును తలపోయనివారు ఇంకను అధికము. దీర్ఘకాలపు ఒప్పందములపై వివాదము చెలరేగిన తరువాతనే, 2009లో, కొరియా ప్రభుత్వము గాయకుల ఒప్పందములకు ఏడేండ్ల పరిమితి నేర్పరచినది. 2017లో జోంగ్‌హ్యున్, 2019లో సుల్లీ నిండు యౌవనమున మరణించిరి. వేరొక లోపమును కలదు. వేదికపై ఆసియావానికి జేజేలు పలికిన దేశముననే వీధిలో ఆసియావానిపై దాడులు జరిగినవి. తామును రూపమునుబట్టి అవమానింపబడితిమని 2021 మార్చిలో బి.టి.ఎస్. యువకులు ప్రకటింపవలసివచ్చెను. మరుసటి సంవత్సరము మే నెలలో ఈ విషయమై అమెరికా అధ్యక్షుని సైతము కలిసికొనిరి. పాట సరిహద్దు దాటినంత మాత్రాన గౌరవము దాటదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

ఈ అనుభవము తెలుగువారికి క్రొత్తది కాదు. త్యాగరాజస్వామి కృతులను తమిళ సోదరులు తరతరములుగ పాడుకొనుచున్నారు. తెలియని భాషలో ఎన్నాళ్లు వినవలెనని 1940ల నాటి తమిళ ఇసై ఉద్యమము ప్రశ్నించినప్పుడు మనలో కొందరు నొచ్చుకొన్నారు. కాని ఆ ప్రశ్న న్యాయమైనది. అర్థము నెరుగకొనిన భక్తి సగము భక్తియే. 2023లో 'నాటు నాటు' ఆస్కారు బహుమానమును గెలుచుకొన్నప్పుడు మనము గర్వించితిమి. ఆ పాటకు కాలుకదిపిన పరదేశీయులలో 'నాటు' అను మాటలోని మట్టివాసన నెరిగినవారెందరు?

నేడు మన విద్యార్థులును కొరియా పాటలను కూనిరాగములు తీయుచున్నారు. వారిని మందలింపనక్కరలేదు. "ఆ మాటకు అర్థమేమి నాయనా?" అని అడిగిన చాలును. చెప్పగలిగినచో ఆ బాలుడు ఒక దేశమును తెలిసికొనుచున్నాడు. చెప్పలేకపోయినచో తెలిసికొనుటకు అదియే తగిన సమయము.