తాళము వేసిన పుట్టినిల్లు

పరదేశమున బ్రతుకువాడు వేషమును మార్చుకొనును, భోజనమును మార్చుకొనును; ఒక్కొక్కప్పుడు పౌరసత్వమును గూడ మార్చుకొనును. మనసు పలుకు భాషను మాత్రము అంత సులభముగా మార్చుకొనజాలడు. పగలెల్ల పరభాషలో పాటుపడినవాడు రాత్రి రెండు గడియలు తన భాషలో నవ్వగోరును, కన్నీరు విడువగోరును. ఈ స్వల్పమైన కోరికకే నేడు తాళము పడినది.

చీనా సంతతివారు విదేశములయందు సుమారు 6 కోట్లమంది కలరని ఆ ప్రభుత్వమువారే చెప్పుచుందురు. వీరిలో నిన్నమొన్న వలసపోయిన విద్యార్థులును, బిడ్డల వెంట వాంకూవరుకో సిడ్నీకో తరలిన వృద్ధులును అనేకులు. వీరు యూకూ, ఐచీయీ, టెన్సెంట్ వీడియో మొదలగు స్వదేశపు స్ట్రీమింగు సంస్థల తలుపు తట్టినచో, పెక్కు ధారావాహికలకు మారుగా ఒక్క వాక్యమే ఎదురగును: కాపీరైటు కారణమున మీ ప్రాంతమున ఇది లభింపదు. చందా చెల్లించినవానికిని ఇదే సమాధానము! యంత్రమునకు వాని భాషతో పనిలేదు, వాని రొక్కముతో పనిలేదు, వాని ఐ.పి. చిరునామా ఏ దేశపుదో అదియే ప్రమాణము. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడనుట యిదియే కాదా?

అంతట వాడేమి చేయును? తాను చీనాలోనే యున్నట్లు యంత్రమును నమ్మించు వి.పి.ఎన్. నాశ్రయించును. ఇట్టి సేవలను అమ్ము వర్తకులు ప్రత్యేకముగా బయలుదేరిరి. ఎవరో ఎరుగని యా మధ్యవర్తుల చేతిలో తన అంతర్జాల రాకపోకలను బెట్టి, ఆ వృద్ధుడు తన పాట వినవలసివచ్చుచున్నది. వింత చూడుడు! చీనాలోనివారు గూగులును, యూట్యూబును చూచుటకై గోడ దూకి వెలుపలికి వచ్చుచుండగా, వెలుపలివారు ఇంటి నాటకమును చూచుటకై గోడ దూకి లోనికి పోవుచున్నారు. మొదటి గోడను కట్టినది ప్రభుత్వము. రెండవదానిని కట్టినది వర్తకము.

కాపీరైటు దేశములవారీగా విక్రయింపబడును గదా, కొన్నవాని హక్కును కాపాడవలదా యని కొంద రందురు. కాపాడవలసినదే; దొంగతనమును మేము సమర్థింపము. కాని ఒక కృతిని ఒక దేశమున ఎవరును కొననప్పుడు అచ్చట భంగమగు హక్కు ఎవరిది? రొక్కము చేతబట్టి వచ్చినవానిని వీధిగుమ్మమున గెంటివేసి, పెరటిగోడ దూకెనని నిందించుట యేమి న్యాయము?

విదేశములకై ఐచీయీవారు 2019లో వేరుశాఖను తెరచిరి గదా, టెన్సెంటువారికి వియ్‌టీవీ కలదు గదా యని మరికొంద రందురు. కలవు. కాని స్వదేశమున దొరకునదంతయు వానిలో లేదు. అన్యులకు వడ్డించిన విస్తరిని చూపి, నీ కింట అన్నము లేదనుట తగునా?

ఇది అసాధ్యమని ఎవరును చెప్పవలదు. యూరోపు సమాఖ్యవారు 2017లో చట్టము చేసి, 2018 ఏప్రిలు 1వ తేది నుండి అమలు జరిపిరి. సమాఖ్యలోని ఒక దేశమున చందా కట్టినవాడు మరియొక సభ్యదేశమునకు తాత్కాలికముగా పోయినప్పుడు ఆ చందా వాని వెంటనే పోవును. శాశ్వతముగా వలసపోయినవారికి అది వర్తింపదు, నిజమే. అయినను హక్కు నేలను గాక మనుష్యుని అంటిపెట్టుకొని యుండవచ్చునని అది ఋజువు చేసినది.

కావున మేము కోరున దొక్కటే. చందా మనుష్యుని వెంట నడువవలయును. పరదేశమున ఎవరును కొనని కృతులను స్వదేశ సంస్థలే తగిన వెలకు ప్రవాసుల కీయవలయును. అది చేయనంతకాలము గోడ దూకువానిని దొంగయనుటకు వారికి నోరు లేదు.