నేలమాళిగలోని నూనె ట్యాంకు

చలిదేశాలలో ఇల్లు కొనుక్కున్న మనవారు చుట్టాలకు ఇల్లంతా తిప్పి చూపుతారు. వంటగది చూపుతారు, పెరటి చెట్లు చూపుతారు, దేవుని మందిరం చూపుతారు. బేస్‌మెంటు అని పిలుచుకునే నేలమాళిగలో ఒక మూల నాలుగు సన్నని కాళ్లపై నిలిచియున్న నూనె ట్యాంకును మాత్రం ఎవరూ చూపరు. ఆ ఇంటికి శీతకాలంలో ప్రాణాధారం అదే. ఆ ఇంటికి రాగల ముప్పులలో ఒకటి దాగియున్నదీ అక్కడే. ఇంధనాన్ని చవకగా కొనడంలో మనవారు చూపే శ్రద్ధలో నాలుగవ వంతైనా దానిని భద్రపరచడంలో చూపడంలేదని నా అభిప్రాయం. ఇది పరనింద కాదు. మా ఇంటి అనుభవమే.

మా అమ్మాయి కుటుంబం అమెరికా ఈశాన్యపు కొసనున్న మెయిన్ రాష్ట్రంలో ఒక పల్లెలో కాపురముంటున్నది. ఆ రాష్ట్రంలో సుమారు సగం ఇళ్లకు వెచ్చదనమిచ్చేది నూనెయే. పల్లెలకు సహజవాయువు గొట్టాలు లేవు గనుక లారీ ఇంటికి వచ్చి నూనె పోసి వెళుతుంది. ఆ నూనె డీజిలుకు తోబుట్టువు. రహదారి పన్ను పడని ఇంధనమని తెలియడానికి ఎర్రరంగు కలుపుతారు. మన చౌకధరల దుకాణపు కిరసనాయిలుకు నీలిరంగు కలిపినది కూడ అది దారి తప్పకుండ ఉండడానికే కదా!

2022లో అక్కడ గాలను నూనె ధర అయిదు డాలర్లు దాటింది. ఆనాటినుండి మా అల్లుడుగారికి ధరలు చూసుకోవడం నిత్యకృత్యమైపోయింది. నేను వారింట ఉన్న ఒక జనవరి మాసంలో ట్యాంకు గేజిలోని బెండు అడుగంటుతున్నది. "మరి రెండు రోజులాగితే గాలనుకు పది సెంట్లు తగ్గుతుంది, మామయ్యగారూ" అన్నారు. ఆ రాత్రి బాయిలరు ఆగిపోయింది. బయట సున్నకు ఇరవై డిగ్రీలు దిగువ. పిల్లలకు కోట్లు తొడిగి పడుకోబెట్టాము. అమ్మాయి అర్ధరాత్రివేళ కుళాయిలన్నీ సన్నని ధారగా విప్పి, నీటి గొట్టాలు గడ్డకట్టి పగలకూడదని దేవుని వేడుకుంటూ కూర్చున్నది. అల్లుడుగారు పెట్రోలు బంకునుండి డబ్బాలలో డీజిలు తెచ్చి పోశారు. అయినా గొట్టంలో గాలి చేరడంవలన బర్నరు వెలగలేదు. తెల్లవారి పనివాడు వచ్చి ఆ గాలి తీసిన తరువాతనే ఇల్లు వెచ్చబడింది.

లెక్క వేసి చూడండి. రెండు వందల గాలన్లకు పదేసి సెంట్ల చొప్పున మిగిలేది ఇరవై డాలర్లు. ఆ రాత్రి పిలుపుకైన ఖర్చు దానికి ఎన్నో రెట్లు. గేజి నాలుగవ వంతుకు దిగినప్పుడే నూనె తెప్పించుకోవడం ఉత్తమం. పసిపిల్లలో వృద్ధులో ఉన్న ఇంటివారు, చలిరోజులను లెక్కగట్టి వ్యాపారే స్వయంగా వచ్చి నింపే పద్ధతిని ఎంచుకోవాలి. అందులో గాలనుకు కొన్ని సెంట్లు ఎక్కువైనా ఆ సొమ్ము నిద్రకు వెల అనుకోవాలి. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు.

అయితే ఆ ఉదయం మాకు అసలు పాఠం చెప్పినది నూనె కొరత కాదు. పనివాడు వెళ్లబోతూ ట్యాంకు అడుగున చేయి రాచి చూపాడు. వేళ్లకు తడి అంటింది. పైన రంగు ఎక్కడా చెక్కు చెదరలేదు. ఉక్కు ట్యాంకు లోపలినుండి తుప్పు పడుతుందట. ట్యాంకులోని గాలిలో ఉన్న తేమ నీరుగా మారుతుంది. నూనెకన్న నీరు బరువు గనుక అడుగున చేరి, ఏళ్ల తరబడి ఉక్కును తినివేస్తుంది. ఇళ్లలో సాధారణంగా ఉండే ట్యాంకు 275 గాలన్లది, అంటే వెయ్యి లీటర్లు దాటినది. నిండితే దాదాపు ఒక టన్ను బరువు. అంత బరువు అంత పలుచబడిన రేకుపై నిలిచియున్నదన్నమాట!

అది కారితే ఏమవుతుంది? వాసన నెలల తరబడి వదలదన్నది చిన్న మాట. పల్లెటూరి ఇంట త్రాగే నీరు పెరటిలోని సొంత బావినుండి వస్తుంది. ఇంటి క్రింది మట్టిలోనికి ఇంకిన నూనె ఆ బావికి చేరితే, వెచ్చదనంకోసం కొన్నదే దాహానికి శత్రువవుతుంది. ఇంటి బీమా ఇటువంటి నష్టాన్ని భరిస్తుందని నమ్ముకోరాదు. చాలా పాలసీలు భరించవు. పత్రం ముందుగానే చదివించుకోవాలి.

ఏటేటా వేసవిలో పనివానిచేత బాయిలరుతోపాటు ట్యాంకు అడుగును, కాళ్లను, రాగి గొట్టాన్ని, పొగగొట్టాన్ని పరీక్షింపజేయాలి. రాగి గొట్టం కాంక్రీటు క్రిందినుండి నేరుగా పోతుంటే అది చిల్లిపడినా కంటికి కనబడదు. మార్పించడం మేలు. ఆరుబయట ట్యాంకు ఉన్నవారు కఠినమైన చలిలో నూనె చిక్కబడకుండ కిరసనాయిలు కలిపిన ఇంధనం అడగాలి. వాసనలేని విషవాయువైన కార్బన్ మోనాక్సైడును పసిగట్టే అలారము పడకగదుల వద్ద తప్పక ఉండాలి.

ఈ ఏర్పాటులో నాకు మిక్కిలి నచ్చినది ఒక ఈల. నూనె పోస్తుంటే ట్యాంకులోని గాలి బయటికి పోతూ ఈల వేస్తుంది. ఈల వినబడినంతసేపు పోయవచ్చు, ఆగగానే ఆపాలి. మొదటినుండీ వినబడకపోతే అసలు పోయరాదు. మంచు కురిసినప్పుడు ఆ గాలిగొట్టం మూసుకుపోకుండ చూడడం గృహస్థుని ధర్మం. నూనె పోసేవాని దారిలో మంచు తీయించడం కూడ ధర్మమే.

మా చిన్ననాట మా అమ్మ కిరసనాయిలు డబ్బాను పొయ్యికి దూరంగా వసారా మూలన ఉంచేది. వెలుగుతున్న స్టవ్వులో ఎన్నడూ పోయలేదు. మంచినీళ్ల సీసాలో పోసి పెట్టడం ఆమె దృష్టిలో మహాపరాధం, ఏ పసివాడో దాహమని ఎత్తుకుంటాడని. ఆమె చదువుకున్నది కాదు. కాని ఇంటిలో నిప్పుకు తిండి దాచుకున్నవారు అది ఎక్కడున్నదీ ఎలాగున్నదీ మరువరాదని ఆమెకు తెలుసు. రెండు లీటర్ల డబ్బాపై ఆమె ఉంచిన దృష్టి, వెయ్యి లీటర్ల ట్యాంకుపై మనం ఉంచకపోవడం విచిత్రం కాదా?

"ఇంకెన్నాళ్లీ నూనె?" అని యువకులు ప్రశ్నించవచ్చు. నిజమే. లక్ష హీట్ పంపులు పెట్టించాలన్న లక్ష్యాన్ని మెయిన్ రాష్ట్రం గడువుకన్న ముందే 2023లో చేరుకున్నది. మా అల్లుడుగారు కూడ పాత ట్యాంకు తీయించి అదే బాట పట్టారు. ఆయనకు నేను చెప్పినది ఒకే మాట: ట్యాంకుతోపాటు గోడ వెలుపలికి వచ్చిన గొట్టాన్ని కూడ పీకించండి. ట్యాంకు పోయి గొట్టం మిగిలిన ఇళ్లలో, చిరునామా పొరబడిన లారీవాడు వందల గాలన్ల నూనెను నేరుగా నేలమాళిగలోనికి పోసిన సంఘటనలు జరిగినవి. వాడుక మానివేసిన వస్తువుతో కూడ మన బాధ్యత తీరదు. దాని ఆనవాలు తీసివేసిననాడే తీరుతుంది.

ఆ గొట్టం తీసిన చోట గోడకు సిమెంటు పూస్తుండగా ప్రక్కన నిలబడి చూశాను. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది.