పంపు ఆగితే ఎవరు దిగాలి?

1908 మూసీ వరద తర్వాత హైదరాబాదుకు మురుగునీటి పథకం రచించింది విశ్వేశ్వరయ్యగారు. పల్లముంటే మురుగు దానంతటదే పోతుంది. లేనిచోట పంపుతో ఎత్తిపోయాలి. పంపు ఆగిందా, మురుగు వెనక్కి తన్ని ముందుగా పల్లపు బస్తీల్లోనే పైకొస్తుంది. అప్పుడు మ్యాన్‌హోల్లోకి ఓ మనిషిని దింపుతారు! రక్షణ సామగ్రి లేకుండా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. చనిపోతే 30 లక్షల పరిహారమివ్వాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

పాత పంపు తీసి పెద్దది పెడితే చాలదంటాను నేను. పక్కనే అదనపు పంపు, కరెంటు పోతే జనరేటరు, చెత్తనాపే జల్లెడ, వాటిని చూసుకునే మనిషి కూడా ఉండాలి. పంపు సామర్థ్యం లెక్కకట్టడం క్లాసులో నేర్చుకున్నాం. అది ఆగితే ఎవరు దిగాలో మాత్రం మేమెవరం అడగలేదు. మిత్రులారా, రేపు డిజైను మీద సంతకం పెట్టేముందు మనం అడగవలసిన ప్రశ్న అదే.