రోగాల లెక్క ఎవరు రాయాలి?

"ఒకప్పుడు మన ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బే లేదు" అంటారు కొందరు పెద్దలు. "ఎందుకు లేదూ! పేరు తెలియక, ఒళ్లు వాచి పోయాడనుకునేవాళ్లం" అంటారు మరికొందరు. ఏది నిజం? సైన్సు చదువుతున్న మనం తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. అందుకు ముందు అంకెను చదవడం నేర్చుకోవాలి.

ఈ పాఠం మరో జబ్బు బాగా చెబుతుంది. అది మగవారికి వచ్చే ప్రోస్టేట్ క్యాన్సరు. ఉత్తర ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియాలలో దాని రేటు ఎక్కువ, ఆసియాలో తక్కువ. 1980ల చివర అమెరికాలో పి.ఎస్.ఏ. అనే రక్తపరీక్ష వాడుకలోకి వచ్చింది. కొత్త రోగుల రేటు గబగబా పెరిగి, 1992లో శిఖరానికి చేరి, తరవాత దిగింది. నాలుగైదేళ్లలో అక్కడి మగవాళ్ల శరీరాలు మారిపోయాయా? లేదు. వెతికే కన్ను మారింది. అంతవరకూ దాగి ఉన్నది కాగితం మీదికొచ్చింది.

అలాగని అంతా కాగితం మహిమ అనుకుంటే పొరపాటే. ఆ పరీక్ష రాకముందే, జపాను నుంచి అమెరికా వలస వెళ్లినవారిలో ఈ జబ్బు స్వదేశంలో ఉన్నవారికంటె ఎక్కువగా కనబడింది. నెత్తురు అదే, నేల మారింది. అమెరికాలోనే నల్లజాతివారి మరణాల రేటు తెల్లవారికి సుమారు రెట్టింపు. అంటే ఒక్క అంకె వెనుక నెత్తురు, నేల, తిండి, వైద్యం, పరీక్ష అన్నీ దాగి ఉంటాయన్నమాట.

ఇక మన సంగతి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాల్లో పెద్దవాళ్లలో వందకు పద్దెనిమిది మంది దాకా కిడ్నీ జబ్బు ఉన్నట్టు 2019లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. వారిలో ఎక్కువమందికి షుగరూ బి.పి.లతో ముడిపెట్టలేని జబ్బది. మూత్రపిండాలు చాలావరకు చెడేదాకా మనిషికి బాధ తెలియదు. క్రియాటినిన్ పరీక్ష చేస్తేనే బయటపడుతుంది. కనుక పెరిగిన అంకెలో కొంత వెతకడం వల్ల వచ్చిందే కావచ్చు. కాని డయాలసిస్ మంచం మీద పడుకున్న రైతును కాగితం పుట్టించలేదు కదా! శ్రీలంకలో అనూరాధపురం వైపునా, ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరుకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా బలి అయ్యేది ఎండలో పనిచేసే పేదలే. నీరు, ఎండ, పురుగుమందు, నొప్పి మాత్రలు – అనుమానాలు అనేకం, తిరుగులేని రుజువు దేనికీ దొరకలేదు.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రీ కిడ్నీ పరిశోధన కేంద్రమూ ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. సంతోషమే. అయితే ఆ నీళ్లతో జబ్బు తగ్గిందా లేదా అన్నది రేపు ఎలా తెలుస్తుంది? అవే ఊళ్లలో, అదే వయసువారికి, అదే పరీక్ష ఏటేటా చేసి రాసుకుంటేనే తెలుస్తుంది. మన ఊళ్లనుంచి పొట్ట చేతపట్టుకుని వలసపోయినవారినీ లెక్కలో చేర్చాలి. నేల మారితే జబ్బు తగ్గుతుందా అన్న ప్రశ్నకు జవాబు వాళ్ల దగ్గరే ఉంది.

మాది జీడితోటల కుటుంబం. 2018 తిత్లీ తుపాను తరవాత నష్టపరిహారం కోసం కూలిన చెట్లను తోట తోటా తిరిగి లెక్కపెట్టారు. చెట్టుకు జరిగిన ఆ మర్యాద మనిషికి జరగవద్దా? జబ్బూరని పేరుపడితే పిల్లలకు సంబంధాలు రావని ఇళ్లలో దాచుకుంటున్నాం. దాచిన జబ్బుకు లెక్క ఉండదు. లెక్కలేని జబ్బుకు నిధులూ రావు, మందూ దొరకదు.

మిత్రులారా, సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మన అమ్మానాన్నలను పరీక్షకు తీసుకువెళ్దాం, ఆ కాగితం జాగ్రత్తగా దాచుదాం. ప్రతి పంచాయతీలో రోగాల రిజిస్టరు పెట్టమని అడుగుదాం. దాన్ని నింపే పనికి మనమే ముందుకు వద్దాం.