తొమ్మిది మంది నాయకులు, తొమ్మిది ఓట్లు



వార్షికోత్సవ సంచికకు సముద్రపు దొంగల మీద వ్యాసమేమిటని సంపాదక వర్గంలోని మిత్రులే నవ్వారు. విద్య ప్రాముఖ్యత మీద గానీ, మహనీయుల ఆశయాల మీద గానీ రాయవచ్చు కదా అన్నారు. అవి రాసేవాళ్లు ప్రతి ఏడూ ఉన్నారు, బాగానే రాస్తున్నారు. మేము మాత్రం మన హాస్టల్లో దాదాపు ప్రతి గదిలోనూ చూసిన ఒక సినిమాతో మొదలుపెట్టి, చరిత్ర విద్యార్థులుగా మాకు తెలిసిన రెండు కోటల మీదుగా మన మెస్ హాలు దాకా వద్దామనుకుంటున్నాం.

'పైరేట్స్ ఆఫ్ ది కరేబియన్' సినిమాల్లో మూడోది 2007లో వచ్చింది. అందులో జాక్ స్పారో వేషాలు అందరికీ గుర్తుంటాయి. మాకు మాత్రం ఆ సినిమాలో 'షిప్‌రెక్ కోవ్' అనే దొంగల స్థావరమే ఎక్కువ నచ్చింది. పగిలిపోయిన ఓడల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ఊరు అది. తొమ్మిది సముద్రాల దొంగల నాయకులు తొమ్మిది మంది అక్కడ సభ తీరతారు. బయట ఈస్టిండియా కంపెనీ ఓడలు వందల కొద్దీ వస్తున్నాయి. సినిమా మొదట్లోనే కంపెనీవాళ్లు సభలు పెట్టుకునే హక్కు, వకీలును పెట్టుకునే హక్కు రద్దు చేశామని చదివి, చిన్నపిల్లవాడితో సహా వరసపెట్టి ఉరితీస్తుంటారు. అంత ముప్పు నెత్తిమీద ఉన్నా సభలో నాయకులు తన్నుకుంటూనే ఉంటారు. తమకో రాజును ఎన్నుకోవాలంటే ఓట్లు వేయాలి. ఒక్కొక్కడూ తన ఓటు తనకే వేసుకుంటాడు. తొమ్మిది మందికి తొమ్మిది ఓట్లు. చివరికి జాక్ స్పారో తన ఓటు ఎలిజబెత్‌కు వేయబట్టి ఆమెకు రెండు ఓట్లు వచ్చి రాజవుతుంది. అతను వేసింది మంచి ఉద్దేశంతోనా, తన లెక్క తనకుందా అన్నది వేరే సంగతి. ఒక ఓటు పక్కవాడికి పడితే చాలు సభ ముందుకు కదిలింది.

ఇది కట్టుకథ. కానీ దీని వెనకాల నిజమైన ఊరొకటి ఉంది. బహామా దీవుల్లో న్యూ ప్రావిడెన్స్ దీవి మీద నాసా అనే రేవు. 1713లో యుద్ధం ముగిసి ఐరోపా రాజులు సంధి చేసుకున్నారు. రాజులకు సంధి అయితే నావికులకు పని పోయింది. యుద్ధంలో శత్రువుల ఓడల్ని దోచుకొమ్మని లైసెన్సులిచ్చిన రాజులే యుద్ధం అయ్యాక అదే పనిని దొంగతనమన్నారు. అలా వీధినపడ్డవాళ్లు నాసా చేరారు. ఆ రేవులో నీటి లోతు తక్కువ, పెద్ద యుద్ధనౌకలు లోపలికి రాలేవు. 1715 జూలైలో వెండితో వెళ్తున్న స్పెయిన్ ఓడలు తుపానులో ఫ్లోరిడా తీరాన మునిగిపోవడంతో ఆశపడి ఇంకా జనం వచ్చారు.

అక్కడ రెండు ముఠాలు. ఒకదానికి బెంజమిన్ హార్నిగోల్డ్, రెండోదానికి హెన్రీ జెన్నింగ్స్. హార్నిగోల్డ్ చిన్న పడవలతో మొదలుపెట్టి పైకొచ్చినవాడు. నల్ల గడ్డం పేరుతో ప్రపంచమంతా తెలిసిన టీచ్ అతని శిష్యుడే. జెన్నింగ్స్ జమైకా నుంచి ఓడలతో, కాగితాలతో వచ్చినవాడు. స్పెయిన్‌వాళ్లు మునిగిన వెండిని వెలికితీసి దాచుకున్న శిబిరం మీద పడి దోచుకున్నాడు. ఇద్దరికీ పడదు. ఒకే రేవు, ఒకే సారా దుకాణం, కానీ మాటల్లేవు. మన హాస్టల్లో ఒకే పంపు దగ్గర బకెట్లు పెట్టుకుని ముఖాలు అటు తిప్పుకునేవాళ్లను చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

హార్నిగోల్డ్‌కు ఒక పట్టింపు ఉండేది. ఇంగ్లిషు ఓడల్ని దోచనంటాడు. మనవాళ్లు కదా అంటాడు. ఓడలో పనిచేసేవాళ్లు, జీతాలెగ్గొట్టి కొరడాలతో కొట్టింది ఇంగ్లిషు కెప్టెన్లే కదా, వాళ్లు మనవాళ్లెలా అయ్యారని అడిగారు. 1716లో ఓటు పెట్టారు. హార్నిగోల్డ్ ఓడిపోయాడు. శామ్యూల్ బెల్లమీ కెప్టెన్ అయ్యాడు. హార్నిగోల్డ్‌ను చంపలేదు, తనతో వచ్చేవాళ్లను తీసుకుని వేరే ఓడలో పొమ్మన్నారు. 1716లో మన దేశంలో గానీ ఇంగ్లాండులో గానీ ఒక కూలివాడు తన యజమానిని ఓటుతో దించగలడా? ఆలోచించండి.

ఆ కాలపు దొంగల ఓడల్లో రాతపూర్వకమైన నియమావళి ఉండేది. బార్తలోమ్యూ రాబర్ట్స్ అనే కెప్టెన్ ఓడ నియమాలు 1724లో అచ్చయిన ఒక పుస్తకంలో ఉన్నాయి. ప్రతివాడికీ వ్యవహారాల్లో ఓటు. తాజా తిండి మీద అందరికీ సమాన హక్కు. దోచినదాంట్లో కెప్టెన్‌కు రెండు వాటాలు, మామూలువాడికి ఒకటి. అంతకు మించి తేడా లేదు. పోరులో కాలో చెయ్యో పోతే ఉమ్మడి నిధి నుంచి 800 వెండి నాణేలు. జూదం నిషేధం. రాత్రి 8 గంటలకు దీపాలార్పాలి! (ఇది చదివి మాకు వార్డెన్ సార్ గుర్తొచ్చారు, ఆయన పదికి ఆర్పించేవారు.) క్వార్టర్ మాస్టర్ అని ఒకడుండేవాడు. తిండి, సొత్తు పంచేది అతనే, అతన్ని ఎన్నుకునేది ఓడలోని మనుషులు. మన భాషలో మెస్ సెక్రటరీ అనుకోండి. కెప్టెన్ మాట పోరాట సమయంలోనే చెల్లేది. మిగతా రోజుల్లో మెస్ సెక్రటరీదే పెత్తనం.

ఇంతవరకు చదివి, ఎంత బాగుంది అనుకునే మిత్రులకు ఇంకో సంగతి చెప్పాలి. ఇదే రాబర్ట్స్ మనుషులు 1722 జనవరిలో ఆఫ్రికా తీరాన వైదా రేవులో బానిసల ఓడల్ని పట్టుకున్నారు. ఒక ఓడ కెప్టెన్ విడుదల సొమ్ము ఇవ్వనన్నాడు. ఆ ఓడకు నిప్పు పెట్టారు. లోపల దాదాపు 80 మంది ఆఫ్రికన్లు ఇద్దరిద్దరుగా గొలుసులతో కట్టేసి ఉన్నారు. గొలుసులు విప్పడానికి ఆలస్యమవుతుందని విప్పలేదు. ప్రతివాడికీ ఓటు అని రాసుకున్న ఓడ మనుషులు చేసిన పని ఇది. ఆ ప్రతివాడు ఎవరన్నది నియమావళి చెప్పలేదు. దొంగల ఓడల్లో నల్లవాళ్లు నావికులుగా ఉన్నారు, కొన్ని ఓడల్లో వాటాలు కూడా పొందారు. కానీ గొలుసుల్లో దొరికినవాళ్లు చాలాసార్లు వాళ్లకు సరుకే. నెట్టెంపాడు నుంచి నెల్లూరు దాకా ఏ హాస్టల్ పిల్లవాడైనా సినిమాలో జాక్ స్పారోతో పాటు ఈలవేయవచ్చు, మేమూ వేశాం. ఆ 80 మందిని మాత్రం ఏ సినిమావాడూ చూపించడు, కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

నాసా ఎలా పడిపోయింది? పెద్ద యుద్ధం జరగలేదు. 1717 సెప్టెంబరు 5న ఇంగ్లాండు రాజు క్షమాభిక్ష ప్రకటించాడు. ఏడాదిలోగా లొంగినవాడికి శిక్ష లేదు. ఇందులో తెలివంతా, క్షమాభిక్షను ఊరికి కాక మనిషికి ఇవ్వడంలో ఉంది. ఎవడి కాగితం వాడు తీసుకోవాలి. జెన్నింగ్స్ తీసుకున్నాడు. హార్నిగోల్డ్ తీసుకున్నాడు. చార్లెస్ వేన్ అనేవాడు ససేమిరా అన్నాడు. 1718 జూలైలో గవర్నర్ వుడ్స్ రోజర్స్ ఓడలతో వస్తే, వేన్ తను పట్టుకున్న ఓడకు నిప్పంటించి వాళ్ల మీదికి తోసి తప్పించుకుపోయాడు. మిగతావాళ్లు ఒడ్డున వరస కట్టి గవర్నర్‌కు స్వాగతం పలికారు. ఆ తర్వాత హార్నిగోల్డ్ గవర్నర్ తరఫున పాత సహచరులను వేటాడే పనికి కుదిరాడు. డిసెంబరులో అదే నాసాలో 8 మందిని ఉరితీశారు. వాళ్లను పట్టి తెచ్చింది హార్నిగోల్డే.

ఇప్పుడు మన దేశం సంగతి. షిప్‌రెక్ కోవ్ సభలో తలపాగాతో ఒక భారతీయ దొంగల నాయకుడు కూర్చుని ఉంటాడు. పేరు శ్రీ సుంభాజీ. సినిమాలో అతను నవ్వు తెప్పించే పాత్ర. ఆ పేరు ఊరికే రాలేదు. మరాఠా నౌకాదళ అధిపతి కాన్హోజీ ఆంగ్రే కొడుకు శంభాజీ ఆంగ్రే పేరు అది. కాన్హోజీ కొంకణ తీరంలో కొలాబా, విజయదుర్గ్, సువర్ణదుర్గ్ కోటలు పెట్టుకుని, తన తీరం మీదుగా వెళ్లే ఓడలు తన దస్తకు తీసుకోవాలన్నాడు. ఇంగ్లిషువాళ్లూ ఇతరుల ఓడలకు అలాంటి పాసులే అమ్మేవారు. వాళ్లు అమ్మితే వ్యాపారం, ఆయన అడిగితే దొంగతనం. 1721లో ఇంగ్లిషువాళ్లు, పోర్చుగీసువాళ్లు కలిసి కొలాబా మీదికి వచ్చి ఓడిపోయారు. నేడు ముంబైలో భారత నౌకాదళ స్థావరం ఒకదానికి ఆంగ్రే పేరే ఉంది. హాలీవుడ్‌కు మాత్రం ఇప్పటికీ దొంగే.

కాన్హోజీ 1729లో చనిపోయాడు. పెద్ద కొడుకు సేఖోజీ 1733లో పోయాడు. ఇక శంభాజీకి, తమ్ముడు మానాజీకి తగాదా మొదలైంది. మానాజీ కొలాబాలో, శంభాజీ దక్షిణాన విజయదుర్గ్‌లో. ఎవరికి వారు బయటివాళ్ల సాయం కోసం వెతికారు. పీష్వా మానాజీ వైపు నిలిచాడు. శంభాజీ తర్వాత విజయదుర్గ్ తుళాజీ చేతికొచ్చింది. తుళాజీకి పీష్వాతో పడలేదు. పీష్వా ఇంగ్లిషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. 1755లో సువర్ణదుర్గ్ పడింది. 1756 ఫిబ్రవరిలో అడ్మిరల్ వాట్సన్, క్లైవ్ వచ్చి విజయదుర్గ్‌ను ముట్టడిస్తే రేవులో ఉన్న ఆంగ్రే ఓడలన్నీ తగలబడ్డాయి. దొరికిన సొత్తును ఇంగ్లిషువాళ్లు తమలో తామే పంచుకున్నారు. ఆ క్లైవ్, ఆ వాట్సన్ మరుసటి ఏడాది బెంగాల్లో ఉన్నారు. ప్లాసీ గురించి మీకు తెలుసు. ఇక పీష్వాల రాజ్యం 1818లో ఎలా ముగిసిందో, ప్రతి జనవరి 1న కోరేగావ్ స్తూపం దగ్గరికి ఎవరు వెళ్తారో ఈ సంచిక పాఠకులకు చెప్పనవసరం లేదు. ఒక్కమాట. ఆంగ్రేలు మనవాళ్లని గొప్పలకు పోవడం మా ఉద్దేశం కాదు. అదే కొలాబా జిల్లాలోని మహద్‌లో చెరువు నీళ్లు ముట్టుకోవడానికి బాబాసాహెబ్ 1927 దాకా ఆగవలసి వచ్చింది.

ఇక మన మెస్ హాలుకు వద్దాం. గ్రూపులుండకూడదని పెద్దలు ప్రతి వార్షికోత్సవంలోనూ మైకులో చెబుతారు. మేము దాన్ని ఒప్పుకోవడం లేదు. హార్నిగోల్డ్ ఓడలో వచ్చిన తగాదా న్యాయమైన తగాదా. దాన్ని ఓటుతో తేల్చుకున్నారు, ఓడ ఆగలేదు. మనలోనూ న్యాయమైన తగాదాలున్నాయి. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. దాన్ని ఆహ్వానించినవాళ్లు, బాధపడ్డవాళ్లు ఇద్దరూ మన గదుల్లోనే ఉన్నారు. గట్టిగా వాదించుకోవాలి కూడా, ఎందుకంటే అది మన ఉద్యోగాల సంగతి, మన చెల్లెళ్ల సీట్ల సంగతి. మాకు అభ్యంతరమల్లా ఆ వాదన కంచాల దగ్గరికి వచ్చి, ఎవడి పక్కన ఎవడు కూర్చోవాలో నిర్ణయించడం. అంతకంటే పెద్ద అభ్యంతరం, ఎవరికి వారు విడివిడిగా ఆఫీసు మెట్లెక్కడం.

మేము జూనియర్లుగా ఉన్నప్పుడు ఒకటి చూశాం. మెస్ బిల్లులు నెలల తరబడి రాలేదు, కిరాణా షాపతను బియ్యం ఆపేశాడు. రెండు గ్రూపుల అన్నలు ఒకేరోజు, ఒకే ఆఫీసుకు, రెండు వినతిపత్రాలతో వెళ్లారు. రెండింట్లోనూ డిమాండ్లు ఒకటే, పేర్లు వేరు. అక్కడి అధికారి రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని, ముందు మీరు మీరు తేల్చుకుని రండయ్యా అన్నారు. ఆయన చేసిన పని తప్పే. కానీ ఆయనకు ఆ అవకాశం చేతిలో పెట్టి ఇచ్చింది రెండు కాగితాలు. ఆ పదిరోజులు మేమందరం ఉప్మా తిన్నాం, రెండు గ్రూపులవాళ్లమూ.

ఇంకోటి. మన మెస్ కమిటీలో ఓటు ఎవరికి? ఫస్టియర్ తమ్ముళ్లకు లేదు. వాళ్లు సీనియర్ల బకెట్లు మోస్తారు, కంచాలు కడుగుతారు, కమిటీ ఎన్నికలప్పుడు గది బయట నిలబడతారు. వంటమనిషి అక్కను, కామాటి అన్నను ఎవరూ పిలవరు, బియ్యంలో పురుగుల సంగతి అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే అయినా. వైదా రేవులోని ఓడతో దీన్ని పోల్చడం లేదు, అంత మాట అనకూడదు. కానీ నియమావళిలో రాసే 'ప్రతి ఒక్కరూ' అన్న మాటకు అర్థం ముందే తేల్చుకోవాలని మాత్రం ఆ కథ నుంచే నేర్చుకున్నాం.

పూర్వ విద్యార్థుల సంగతి కూడా మొహమాటం లేకుండా చెప్పాలి. అన్నలకు రెండు వాట్సాప్ గ్రూపులు, రెండు ఆహ్వాన పత్రికలు, రెండు ఫ్లెక్సీలు. చందాలు రెండు చోట్ల ఉన్నాయి. గత ఏడాది ఒక తమ్ముడికి కామెర్లు వచ్చి ఆసుపత్రిలో చేరితే, ఈ అన్నలు వాళ్లిస్తారనుకున్నారు, ఆ అన్నలు వీళ్లిస్తారనుకున్నారు. చివరికి గదుల్లో పదీ ఇరవై పోగుచేసి పంపాం. కాలు పోయినవాడికి ఎంతివ్వాలో దొంగలు ముందే కాగితం మీద రాసిపెట్టుకున్నారు.

అందుకని మేము ఒక చిత్తుప్రతి తయారు చేశాం. ఒకటిన్నర పేజీ. ఫస్టియర్‌తో సహా అందరికీ ఓటు, కమిటీలో వంటవాళ్ల తరఫున ఒకరు, జబ్బుపడ్డవాళ్లకు ఒకే ఉమ్మడి నిధి, ఆఫీసుకు వెళ్లే ఏ వినతిపత్రమైనా ముందు మెస్ హాల్లో చదివి ఓటుకు పెట్టడం. ఓడినవాళ్లు కూడా దాని కింద సంతకం చేయాలి, తమ అభ్యంతరం పక్కన రాసుకోవచ్చు. వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక దీన్ని అందరి ముందూ చదువుతాం. రెండు గ్రూపుల అన్నలూ రావాలి. తమ్ముళ్లు తలుపు బయట నిలబడక్కర్లేదు, లోపలికి రండి. కుర్చీలు చాలకపోతే అందరం చాపల మీదే కూర్చుందాం.